అర మార్కు కొండ

అనకాపల్లిలో పుట్టినవాడికి కొండలు కొత్త కాదు. ఊరు దాటి ఏ దిక్కుకి వెళ్ళినా ఎక్కడో ఒక కొండ తల కనిపిస్తూనే ఉంటుంది. అయితే ఏ కొండ ఎత్తయినదీ అని మా ఊళ్ళో ఎవరూ దెబ్బలాడుకోగా నేను చూడలేదు. ఆ ముచ్చట మొన్న మాఘమాసంలో పాడేరు అవతల చూసేను.

దీనికంతటికీ మూలం మా నాన్నగారు. ఆయన సోషల్ మేష్టారుగా పనిచేసి రిటైరయ్యేరు. 1972లో ఒక పరీక్షలో, తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తయిన శిఖరం ఏది అని ప్రశ్న ఇచ్చేరట. హాస్టల్లో ఉండి చదువుకునే ఏజన్సీ కుర్రాడొకడు, "మా మాడుగుల కొండలు" అని రాసేడు. నాన్నగారి దగ్గరున్న పుస్తకంలో జవాబు మహేంద్రగిరి. ఎర్ర సిరాతో కొట్టేసేరు. ఆ ఒక్క మార్కుతో కుర్రాడికి క్లాసులో ఫస్టు పోయింది. దానితోపాటు బహుమతిగా రావలసిన నిఘంటువూ పోయింది.

చాలా ఏళ్ళ తరవాత నాన్నగారికి అసలు లెక్క తెలిసింది. మహేంద్రగిరి 1501 మీటర్లు. ఒడిశాలో కోరాపుట్ జిల్లా దేవ్‌మాలి 1672. మన మాడుగుల కొండల్లోని ఆర్మకొండ 1680. సీతమ్మకొండ అన్నా, జింధగడ అన్నా అదేనంటారు; 1690 అని వేసిన పుస్తకాలూ ఉన్నాయి. అరకు దారిలో అందరికీ తెలిసిన గాలికొండ సైతం 1643. అంటే పుస్తకం పట్టం కట్టిన మహేంద్రగిరికి మొదటి మూడు స్థానాల్లో కూడా చోటు లేదు!

"ఆ కుర్రాడు కనిపిస్తే బాగుణ్ణు" అని నాన్నగారు అప్పుడప్పుడు అంటూండేవారు. ఆ కుర్రాడే ఫోను చేసేడు. ఆయనకిప్పుడు అరవై ఏడేళ్ళు. ఆయనా మేష్టరీ చేసి రిటైరయ్యేడు. "మా ఊళ్ళో ఒక తగువొచ్చింది మేష్టారూ. మీరొచ్చి తీర్చాలి" అన్నాడు.

చోడవరం మీదుగా బయల్దేరేం. మాడుగులలో ఆగి హల్వా కట్టించుకున్నాం. అక్కణ్ణించి ఘాటు మొదలు. ఒక్కొక్క మలుపు తిరుగుతూంటే చెవులు దిబ్బడ వేస్తాయి, గాలి చల్లబడుతుంది. సిల్వర్ ఓకు చెట్లకి మిరియం తీగలు అల్లుకుని, వాటి నీడన కాఫీ తోటలు పరుచుకుని ఉంటాయి. కింద అనకాపల్లి జిల్లా, పైన అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ 4 వరకూ రెండూ ఒకటే విశాఖపట్నం జిల్లా.

తగువు ఇదీ: వాళ్ళ ఊరి వెనక కొండకి రెండు తలలు. తూర్పు తల కింద ఒక ఊరు, పడమటి తల కింద ఒక ఊరు. యాత్రికుల కోసం కొండ కొసని జెండా దిమ్మ కడదామనుకున్నారు. ఏ తలమీద కడితే ఆ ఊరి టీకొట్లకి గిరాకీ. తమదే ఎత్తని రెండూళ్ళవాళ్ళూ ప్రమాణం చేస్తున్నారు. ఎవరూ అబద్ధమాడడం లేదు. ఎవరి ఊరినించి చూస్తే వాళ్ళ తలే ఎత్తుగా ఉంది మరి! దగ్గరున్నది పెద్దదనుకోవడం కంటికి పుట్టుకతో వచ్చిన జబ్బు. డార్జిలింగునించి చూసేవాడికి ఎవరెస్టు కంటే కాంచనజంగే ఘనంగా కనిపిస్తుంది. లోకం కూడా ఒకప్పుడు దానికే పట్టం కట్టింది. 1852లో రాధానాథ్ సిక్దర్ లెక్కలు కట్టేకనే ఎవరెస్టు పైకొచ్చింది.

మరునాడు నాన్నగారిని ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి మేమిద్దరం కొండెక్కేం. వెనక రెండూళ్ళ పెద్దలూ బయల్దేరేరు. తూర్పు తలమీద నా ఫోను తీసి ఎత్తు చూసేను. కూర్చున్నచోటే కూర్చుంటే అయిదు నిమిషాల్లో పది మీటర్లు పెరిగింది, పన్నెండు తగ్గింది. పెద్దలు నవ్వేరు. నేను ఫోను జేబులో పెట్టేసేను.

అప్పుడు ఆయన సంచిలోంచి తాపీమేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం తీసేడు. అందులో నీళ్ళు పోసి, రెండు కొసలూ రెండు వెదురు కర్రలకి కట్టి, రెండు బారల ఎడంగా నిలబెట్టేడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి వచ్చి నిలిచేయి. ఆ రెండు మట్టాలూ కలిపి కంటితో గీత గీసి చూస్తే, పడమటి తల గీతకి పైన ఉంది. "ఇది చాలదు బాబూ, అక్కణ్ణించీ చూడాలి. భూమి గుండ్రం, గాలి చూపుని వంచుతుంది. రెండుచోట్లా చూస్తే ఆ తప్పులు ఒకదానికొకటి చెల్లిపోతాయి" అన్నాడు. దిగి, మళ్ళీ ఎక్కి, పడమటి తలమీంచి చూసేం. తూర్పు తల గీతకి కిందనే ఉంది. తేడా రెండు నిలువులుంటుంది. తూర్పు ఊరి పెద్ద స్వయంగా వంగి చూసి, కళ్ళు నులుముకుని, ఇంకోసారి చూసేడు. "నీళ్ళు ఎవరి పక్షమూ కాదు కదా" అని కర్ర వదిలేసేడు.

నీళ్ళే అసలు కొలత. కొండ ఎత్తుని లెక్కపెట్టేది సముద్ర మట్టంనించి. మన దేశానికి ఆ మట్టాన్ని 1909లో స్థిరపరచినప్పుడు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లని ఆధారంగా తీసుకున్నారు. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఏ హిమాలయ శిఖరానికైనా మన విశాఖ అలలు తొమ్మిదో వంతు సాక్ష్యం చెప్పినట్టే. దేవ్‌మాలికీ ఆర్మకొండకీ నడుమ ఎనిమిది మీటర్లు. ఒక తాటిచెట్టంత కూడా లేదు. అంత చిన్న తేడా తేల్చడం కళ్ళవల్ల అయే పని కాదు.

సాయంత్రం అరుగుమీద కాఫీ తాగుతూ నాన్నగారు గొంతు సవరించుకున్నారు.

"నువ్వు ఆనాడు రాసింది రైటేనోయ్. నీ మార్కు నేను అన్యాయంగా కొట్టేసేను."

ఆయన తల దించుకుని నవ్వేడు. "నిజం చెప్పమంటారా మేష్టారూ? అప్పుడు నాకు మాత్రం ఏం తెలుసు? మా కొండ కదా అని రాసేను. ఈ తూర్పు ఊరివాళ్ళలాగే."

నాన్నగారు చాలాసేపు చీకట్లో కొండ రెండు తలలకేసీ చూస్తూ ఊరుకున్నారు. నేను పుస్తకం చూసి దిద్దేను, నువ్వు ఊరిమీద ప్రేమతో రాసేవు, కొలిచింది ఇద్దరమూ కాదు అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఆపైన చేతిసంచిలోంచి అనకాపల్లినించి తెచ్చిన కొత్త నిఘంటువు తీసి ఆయన ఒళ్ళో పెట్టేరు.

"ఇది బహుమతి. మార్కు మాత్రం అరే వేస్తాను."

"మిగతా అర ఈవేళ కొండమీద సంపాదించేను కదండీ!" అన్నాడు శిష్యుడు.