డిశ్చార్జి రాశాక

తుంటి ఎముక విరిగి వచ్చిన ముసలివాళ్లకు ఆపరేషన్ చేయడం ఇప్పుడంత కష్టం కాదు. బాల్ మార్చిన మర్నాడే చాలామందిని వాకర్ పట్టించి నిలబెడుతున్నాం. చిక్కంతా డిశ్చార్జి రాశాకే. ఎవరింటికి?

ఆ పంచాయితీ వార్డు బయట వరండాలో జరుగుతుంది. పెద్దకొడుకుది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చిన్నకోడలు ఉద్యోగానికి వెళ్లాలి. కూతురు తీసుకెళ్తానంటే, కొడుకులుండగా అల్లుడింటికేమిటని పెద్దాయనే అడ్డం పడతాడు. చివరికి నెలకొకరి వంతు అని తేలుస్తారు. ఈ వంతులు నాకు గిట్టవు. రాత్రి లేస్తే స్విచ్చి ఎటుందో, గడప ఎంత ఎత్తుందో అలవాటయ్యేసరికి మళ్లీ మూట సర్దాలి. పడినవాళ్లు మళ్లీ పడేది ఇలాగే. అసలు చూడనే చూడమంటే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. అది నెలనెలా డబ్బు ఇప్పిస్తుంది గానీ, అర్ధరాత్రి బాత్రూంకి చేయి పట్టి నడిపించదు కదా!

అందుకే నేను కొడుకులెందరని అడగను, లెట్రిన్ ఎలాంటిదని అడుగుతాను. బాల్ మార్చినవాళ్లు గొంతుక్కూర్చోకూడదు. లంకంత సొంతిల్లున్నా, దొడ్డి చివర నేల లెట్రిన్ ఉంటే లాభం లేదు. ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో గుండ్రంగా కోయించి, అంచు గుచ్చుకోకుండా సైకిల్ ట్యూబు చుట్టించాడు. కాళ్లు కదలకుండా గట్టిగా ఉందో లేదో చూసి సరేనన్నాను.

డెబ్బై దాటిన ఒకావిడ కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేసి, రిహాబ్‌కి పంపమన్నాడు. అక్కడి అలవాటు అది. మూడు రోజులు ఆసుపత్రిలో అడ్మిటై ఉంటే, ఆ తర్వాత నర్సింగ్ కేంద్రంలో అవసరాన్నిబట్టి 100 రోజుల దాకా అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ భరిస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా. మా టౌన్లో అలాంటిదేదీ లేదు. హైదరాబాదులో ఉన్నవాటికి ఆవిడ ససేమిరా అంది.

"మరి ఎక్కడుంటారమ్మా?" అన్నాను. అంతవరకూ ఆ ముక్క ఆవిడను ఎవరూ అడిగినట్టు లేదు.

"మా ఇంట్లోనే బాబూ. చీటీ పాట మా అరుగు మీదే కదా!"

ఒంటరిగా ఎలాగని కొడుకు గొణిగాడు. నాకైతే ఆ చీటీయే ధైర్యమనిపించింది. పాటకొచ్చే ఆడవాళ్లంతా ఆ వీధివాళ్లే, రోజూ ఎవరో ఒకరు తొంగి చూస్తారు. మంచం ముందు గదిలోకి మార్పించి, బాత్రూంలో స్టీలు రాడ్డు బిగించమన్నాను. పగలూ రాత్రీ ఉండే మనిషి జీతం కొడుకు పంపుతానన్నాడు.

ఆరో వారం ఎక్స్‌రేకి వచ్చి, వాకర్ తీసేయమని పేచీ. ఇంకొన్నాళ్లు ఉంచమంటే, వాకర్ పట్టుకుని ఇంటింటికీ చీటీ డబ్బు వసూలుకు ఎలా వెళ్లేదని నామీదే కేకలేసింది.