అబ్రా వెంట విగాన్ దాకా

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి ఉత్తర భాగంలో మౌంట్ డేటా అని ఒక కొండ ఉంది. ఎత్తు 2,300 మీటర్ల పైచిలుకు. దాని మీద కురిసిన వాన మూడు దారులు పడుతుంది. దక్షిణానికి దిగిన నీరు ఆగ్నో నదై లింగాయెన్ అఖాతానికి పోతుంది. ఉత్తరానికి దిగిన నీరు చీకో పేరుతో కగయాన్ నదిలో కలిసి దీవి ఉత్తరపు కొసన సముద్రం చేరుతుంది. పడమటి దారి పట్టిందే అబ్రా. సుమారు 180 కిలోమీటర్లు నడిచి దక్షిణ చైనా సముద్రంలో కలిసే ఈ నది, కలవడానికి కాస్త ముందు ఒక ఊరిని పెంచింది. ఆ ఊరు విగాన్. ఇలోకోస్ సూర్ ప్రావిన్సుకు రాజధాని.

విగాన్ చూడబోయేవాళ్ళు ఎక్కువమంది మనీలాలో బస్సెక్కి నాలుగు వందల కిలోమీటర్లు తీరం వెంబడి వస్తారు. రాళ్ళు పరిచిన క్రిసోలోగో వీధిలో దిగి, గుర్రపు బండి ఎక్కి, పాత ఇళ్ళ ముందు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ ఇళ్ళు అంత అందంగా ఎందుకున్నాయో రోడ్డు మీద వచ్చినవారికి తెలియదు. అవి అసలు ఎందుకు మిగిలాయో అంతకన్నా తెలియదు. ఆ రెంటికీ జవాబు నది దగ్గరే ఉంది. అందుకే కొండ మీద నుంచి బయలుదేరాలి.

నది పుట్టేచోటు ఆ కొండ పక్కన, బెంగెట్ ప్రావిన్సులోని మంకయాన్. అక్కడి నేల కింద రాగి ఉంది, బంగారం ఉంది. స్పెయిన్ వాళ్ళు ఈ కొండలు ఎక్కకముందే ఇక్కడి కొండజనం ఇగొరోట్లు రాగి ముడిరాయి తవ్వి, కరిగించి, పాత్రలు చేసి పల్లపు ప్రాంతాలకు అమ్ముకునేవారు. 1860ల్లో ఒక స్పానిష్ కంపెనీ వచ్చి కొన్నేళ్ళు తవ్వింది. 1936లో పెద్ద ఎత్తున గనులు మొదలయ్యాయి. గనిలో రాయిని పిండి చేసి లోహాన్ని వేరు చేశాక మిగిలే బురదను ఎక్కడో ఒకచోట నిలవ చెయ్యాలి. నదికి ఎగువన పని జరుగుతున్నప్పుడు దిగువ రైతుకు భయం ఉండక తప్పదు. పొలాల్లో మేట వేస్తున్నదనీ, నీటి రంగు మారిందనీ, చేప తగ్గిందనీ అబ్రా లోయ రైతులు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఈ బురద సంగతి గుర్తుంచుకోవాలి, విగాన్ చేరాక మళ్ళీ అవసరమవుతుంది.

మంకయాన్ నుంచి నది సెర్వాంటెస్ అనే కొండ పట్నానికి దిగుతుంది. ఇక్కడికి దగ్గరలోనే రెండు కనుమలున్నాయి. 1899 డిసెంబరు 2న తిరాద్ కనుమలో గ్రెగోరియో డెల్ పిలార్ అనే ఇరవై నాలుగేళ్ళ జనరల్, అరవై మందితో అమెరికన్ సైన్యానికి అడ్డం నిలబడి ప్రాణం విడిచాడు. ఆ కాస్త వ్యవధిలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు అగినాల్దో సెర్వాంటెస్ వైపు తప్పించుకోగలిగాడు. రెండోది బెస్సాంగ్ కనుమ. 1945 జూన్ 14న ఫిలిప్పీన్ దళాలు జపాన్ సైన్యం నుంచి దాన్ని గెలుచుకున్నాయి. రెండు యుద్ధాల మధ్య నలభై ఆరేళ్ళు. కొండల్లో దారులు తక్కువ కాబట్టి చరిత్ర మళ్ళీ మళ్ళీ ఆ దారుల్లోనే నడిచింది.

అక్కడి నుంచి నది ఉత్తరానికి తిరిగి, తన పేరే పెట్టుకున్న అబ్రా ప్రావిన్సులోకి వెళ్తుంది. కుడివైపు నుంచి తినెగ్ వచ్చి కలుస్తుంది. లోయ వెడల్పవుతుంది. వరి, పొగాకు, మొక్కజొన్న పొలాలు కనిపిస్తాయి. ప్రావిన్సు రాజధాని బంగెద్ ఈ లోయలోనే ఉంది. చుట్టూ కొండల్లో ఇత్నెగ్‌లు ఉంటారు, బయటివాళ్ళు వాళ్ళని తింగియన్ అంటారు. రోడ్లు లేని రోజుల్లో ఈ లోయకు బయటి ప్రపంచం అంటే నదే. వెదురు బొంగులు కట్టిన తెప్పల మీద సరుకు వేసుకుని ప్రవాహంతో పాటు కిందికి వెళ్ళేవారు. వాళ్ళు దిగే రేవు విగాన్.

లోయ నుంచి బయటపడటానికి నదికి ఒక్కటే సందు ఉంది. రెండు కొండల మధ్య బనావోంగ్ దగ్గర నది ఇరుకైపోయి, మలుపు తిరిగి, ఒక్కసారిగా మైదానంలో పడుతుంది. ఇప్పుడు హైవే అక్కడే వంతెన మీద నదిని దాటుతుంది. పాత ఉక్కు వంతెనకు విగాన్‌లో పుట్టి దేశాధ్యక్షుడైన ఎల్పిడియో కిరినో పేరు పెట్టారు. ఆయన 1890లో పుట్టింది విగాన్‌లోని జైల్లో. తండ్రి అక్కడ ఉద్యోగి, కాపురం అందులోనే.

ఈ సందు మీద ఎవరి పట్టు ఉంటే లోయా, తీరమూ వాళ్ళవే. స్పెయిన్ మీద తిరగబడిన గాబ్రియెలా సిలాంగ్ కథ అర్థం కావాలంటే ఇక్కడ కాసేపు ఆగాలి.

1762లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లీషువాళ్ళు మనీలాను పట్టుకోవడానికి ఓడలు పంపారు. ఆ ఓడలు బయలుదేరింది మన మద్రాసు రేవు నుంచి. వాటిలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలూ ఉన్నారు. వాళ్ళలో కొందరు తిరిగి రాకుండా మనీలా పక్కన కైంతాలో స్థిరపడిపోయారు. అక్టోబరులో మనీలా పడిపోయింది. విగాన్‌కూ మనీలాకూ మధ్య ఉత్తరాలు మోసే డియేగో సిలాంగ్ అనే ఇలోకానో యువకుడు ఈ పతనాన్ని చూశాడు. పన్నులూ వెట్టిచాకిరీ మోస్తున్న తన జనాన్ని స్పెయిన్ కాపాడలేనప్పుడు ఆ పన్నులు ఎందుకు కట్టాలని అడిగాడు. డిసెంబరులో విగాన్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళు అతన్ని గవర్నరుగా గుర్తించారు. 1763 మే 28న నమ్మిన స్నేహితుడే అతన్ని తుపాకితో కాల్చి చంపాడు.

భార్య గాబ్రియెలా నది దారి పట్టింది. బనావోంగ్ సందు దాటి పైకి, పిదిగాన్‌కు చేరి, ఇత్నెగ్‌లను కూడగట్టుకుంది. సెప్టెంబరు 10న అదే నది వెంట దిగి విగాన్ మీద దాడి చేసింది. ఓడిపోయి మళ్ళీ ఎగువకే వెళ్ళింది. పట్టుబడిన తర్వాత మళ్ళీ అదే దారిన ఆమెను బందీగా దించారు. సెప్టెంబరు 20న విగాన్‌లో ఉరితీశారు. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. ఆమె పుట్టిన ఊరిగా చెప్పే సాంతా ఈ నది సముద్రంలో కలిసే చోటే ఉంది. ఒక మనిషి బతుకంతా ఒక్క నది పొడవునా ఇలా పరుచుకోవడం నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

సందు దాటిన నది పాయలుగా చీలుతుంది. వాటిలో ఒకటి మెస్టీసో, ఇంకొకటి గోవాంటెస్. పాయలూ సముద్రమూ చుట్టుముట్టిన విగాన్ ఒకప్పుడు అక్షరాలా దీవి. మన కోనసీమ లంకలు తెలిసినవారికి ఆ నేల ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. సముద్రం మీద వచ్చే పెద్ద ఓడలు డెల్టాలో లంగరు వేసేవి. చిన్న పడవలు అక్కడి నుంచి సరుకును లోపలికి చేరవేసేవి. స్పెయిన్ వాళ్ళకన్నా ముందే చైనా ఓడలు ఇక్కడికి వస్తూ పోతూ ఉన్నాయి. కొండల బంగారం, తేనెమైనం కిందికి వచ్చేవి, పింగాణీ, పట్టు పైకి వెళ్ళేవి.

1572లో హువాన్ ద సాల్సేదో ఇక్కడ దిగాడు. మనీలాను స్పెయిన్ వలసకు రాజధానిగా చేసిన లెగాస్పీకి అతను మనవడు. అప్పటికి వయసు ఇరవై మూడు దాటలేదు. 1574లో తిరిగివచ్చి విల్యా ఫెర్నాండినా పేరుతో స్పానిష్ పట్నాన్ని స్థాపించాడు. రాజు రెండో ఫిలిప్ కొడుకు పేరు మీద పెట్టిన పేరు అది. ఆ ఏడాదే చైనా సముద్రపు దొంగ లిమహోంగ్ ఓడలు మనీలా వైపు పోతుండగా విగాన్ దగ్గర నుంచి చూసి, వెంటనే మనీలాకు పరుగెత్తి దాన్ని కాపాడినవాడు కూడా సాల్సేదోనే. 1576లో జ్వరంతో ఇక్కడే పోయాడు. 1758లో బిషప్ పీఠం కగయాన్ లోయలోని లాల్-లో నుంచి విగాన్‌కు మారింది. దాంతో ఉత్తర లూజాన్‌కు మత రాజధాని కూడా ఇదే అయింది.

ఊరిని కట్టినవాళ్ళు మాత్రం సైనికులూ కాదు, పూజారులూ కాదు. ఫుజియెన్ నుంచి వచ్చి ఇలోకానో ఆడపిల్లల్ని పెళ్ళాడిన చైనా వర్తకుల పిల్లలు. వాళ్ళను మెస్టీసోలు అన్నారు. వాళ్ళ పేట కసాంగ్లయాన్, వాళ్ళ పాయ మెస్టీసో. ఇలోకోస్ నేత బట్టతో స్పెయిన్ వాళ్ళ గాలియన్ ఓడలకు తెరచాపలు కుట్టేవారు. తర్వాత నీలిమందు వచ్చింది, దాని వెంటే పొగాకు. ఆ డబ్బంతా ఇళ్ళయింది.

ఒక ఇంటి ముందు నిలబడి చూద్దాం. కింది అంతస్తు ఇటుక గోడలు, మీద సున్నపు పూత. అడుగున బండి లోపలికి పోయేంత పెద్ద తలుపు. కింద కాపురం ఉండరు, సరుకు నిలవచేస్తారు, బండి నిలుపుతారు. మేడ మీద కాపురం. మేడ కిటికీలకు గాజు లేదు. కపిజ్ అనే బల్లపరుపు ఆల్చిప్పల్ని అరచేతికన్నా చిన్న చదరాలుగా కోసి, చెక్క చట్రంలో బిగిస్తారు. కిటికీ మూసినా గదిలోకి పాలలాంటి వెలుగు వస్తుంది, ఎండ వేడి మాత్రం తగ్గుతుంది. కిటికీ గడప కింద నేల దాకా ఇంకో చిన్న కిటికీ ఉంటుంది, దానికి కటకటాలు. పైది మూసి కిందిది తెరిస్తే నేల మీద పడుకున్నవాళ్ళకు గాలి తగులుతుంది. చైనా పెంకులు, స్పెయిన్ తలవాకిలి, ఇలోకానో గాలి తెలివి ఒక్క కప్పు కింద చేరిన ఇల్లు ఇది. ఇరవై అయిదు వీధుల్లో ఇలాంటి పాత కట్టడాలు 233 ఉన్నాయి. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకున్నది వీటినే.

నది మట్టిని చేతిలో పట్టుకుని చూడాలంటే పగ్బుర్నయాన్ కుమ్మరి పేటకు పోవాలి. అక్కడ చేసే పెద్ద జాడీల పేరు బుర్నై. మట్టిలో సన్న ఇసుక కలిపి, దున్నపోతు చేత గుండ్రంగా తిప్పి తొక్కిస్తారు. గిట్టల కింద గడ్డలు పోయి, ముద్ద జిగురుగా సాగేదాకా తొక్కించడమే. తర్వాత సారె మీద ఎత్తి, పొడవాటి ఇటుక ఆవంలో కాలుస్తారు. బాగా కాలినప్పుడు రాయిలాగా ఖంగుమంటుంది. నీళ్ళు, ఉప్పు చేప, చెరకు వెనిగర్, చెరకు రసం పులియబెట్టిన మద్యం బాసి అన్నీ బుర్నైల్లోనే ఉంటాయి. ఇంట్లో బాసి కాచుకోవడాన్ని స్పెయిన్ ప్రభుత్వం నిషేధించి, అమ్మకాన్ని గుత్తకు తీసుకున్నందుకు 1807లో ఇలోకోస్ రైతులు తిరగబడ్డారు. విగాన్‌కు ఉత్తరాన శాన్ ఇల్దెఫోన్సో దగ్గర బంతావాయ్ ఏటి ఒడ్డున వాళ్ళను అణచివేశారు. విగాన్ చిత్రకారుడు ఎస్తెబాన్ విల్యానువేవా 1821లో ఆ తిరుగుబాటును పద్నాలుగు పటాలుగా గీశాడు. గెలిచినవాళ్ళ వైపు నుంచి గీసినా, ఓడినవాళ్ళ ముఖాలు అందులో మిగిలాయి. అది చాలా గొప్ప సంగతి.

ఇప్పుడు ఆ బురద దగ్గరికి వద్దాం. ఎగువ కొండలు నిటారువి. తుఫాను వచ్చినప్పుడల్లా అబ్రా మట్టినీ ఇసుకనూ మోసుకొచ్చి డెల్టాలో పోస్తూనే ఉంది. గనులు లేని రోజుల్లోనూ పోసింది. మెస్టీసో పాయ మెల్లగా పూడుకుపోయింది. ఓడలు రావడం మానేశాయి. విగాన్ దీవి కాస్తా మైదానంలో కలిసిపోయింది. నీలిమందుకూ పొగాకుకూ పాత గిరాకీ పోయింది. డబ్బున్న కుటుంబాలు ఒక్కొక్కటే మనీలాకు తరలిపోయాయి. వ్యాపారం బాగా నడిచే ఊళ్ళో పాత ఇల్లు కూల్చి కొత్తది కడతారు. విగాన్‌లో కూల్చడానికి ఎవరికీ తొందర లేకపోయింది. నది దూరమవడం వల్లే ఊరు మిగిలిందని నా నమ్మకం. ఊరివాళ్ళు ఇంకో కారణం చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో వెళ్ళిపోతున్న జపాన్ అధికారి ఒకడు, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడిన కారణంగా, భార్యాబిడ్డల్ని చర్చి ఫాదర్లకు అప్పగించి, ఊరిని తగలబెట్టకుండా పోయాడని. రెండూ నిజం కావచ్చు.

2022 జూలై 27 ఉదయం అబ్రా ప్రావిన్సులో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. అది పుట్టింది పైలోయలో, దెబ్బ తగిలింది ఇక్కడి దాకా. పక్కనే ఉన్న బంతాయ్ ఊరి ఘంటాశిఖరం రాళ్ళు రాలాయి. విగాన్ ఇళ్ళ గోడలు పగిలి ఇటుకలు వీధిలో పడ్డాయి. వాటిని బాగుచేయాలంటే సిమెంటు పనికిరాదు, పాత ఇటుకకు పాత సున్నమే అతకాలి. అలాంటి పని తెలిసిన తాపీ మేస్త్రీలు ఎంతమంది మిగిలారన్నది ఆ ఊరికి ఇప్పుడు చిన్న ప్రశ్న కాదు.

వారసత్వ జాబితా కాపాడుతున్నది పదిహేడు హెక్టార్ల పైచిలుకు పాత ఊరిని. ఆ ఊరి మంచిచెడ్డలు నిర్ణయించే అబ్రా పరీవాహకం సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు. మంకయాన్‌లో నిలవచేసిన బురద కట్ట తెగినా, బంగెద్ పైన అడవి నరికినా, ఆ లెక్క చివరికి తేలేది డెల్టాలోనే. కిటికీ చట్రాల మీద చూపే శ్రద్ధలో సగమైనా నది పైభాగం మీద చూపాలని కోరుకోవడం అత్యాశ కాదు. మెస్టీసో పాయలో ఈమధ్య పర్యాటకుల పడవలు తిరుగుతున్నాయి, లోతు తక్కువైనా సరే. ప్రధాన నది మాత్రం కవాయన్, సాంతా ఊళ్ళ నడుమ ఇసుక మేటలు వేసుకుంటూ సముద్రంలోకి దిగిపోతుంది. వానాకాలంలో ఆ రెండు ఊళ్ళవాళ్ళూ బనావోంగ్ సందు వైపే చూస్తుంటారు, నీళ్ళు ఎంత ఎత్తున వస్తున్నాయోనని.