లాస్‌పేటలో పాలు పొంగని సంక్రాంతి

ఎల్.టి.సి. పై వెళ్ళి వచ్చిన మన సహోద్యోగులు సాధారణంగా ఈ పుటలలో గోపురాలను గురించి, జలపాతాలను గురించి వ్రాస్తూ ఉంటారు. మేము 2025 జనవరిలో పుదుచ్చేరి వెళ్ళి, సముద్రతీరాన్ని రెండు సాయంకాలాలు మాత్రమే చూసి, మిగిలిన సమయమంతా లాస్‌పేటలో ఒక మేడ మీది వంటింట్లో గడిపి వచ్చాము. అయినా ఇదీ యాత్రా విశేషమే అనిపించి వ్రాస్తున్నాము.

చెన్నై వరకు రైలు, అక్కడి నుండి తూర్పు తీర రహదారి మీదుగా సుమారు నూట యాభై కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మరక్కాణం వద్ద ఉప్పు మడులు ఎండలో తళతళలాడుతూ కనిపించాయి. పట్టణానికి ఉత్తరాన, కాస్త మెట్టగా ఉన్న ప్రాంతం లాస్‌పేట. విమానాశ్రయం ఇక్కడే ఉన్నది, టాగూర్ పేరిట ప్రభుత్వ కళాశాలా ఇక్కడే. పర్యాటకులు వెదకే ఫ్రెంచి వీధుల పసుపు గోడలు ఇక్కడ లేవు. మధ్యతరగతి మేడలు, ముగ్గులు వేసిన గుమ్మాలు, సైకిళ్ళ మీద పిల్లలు, అచ్చం మన టౌన్‌షిప్ వలెనే.

ఊరి పేరు మాత్రం ఫ్రెంచి చరిత్రలోనిదే. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని నేలమట్టం చేశారు. 1763 పారిస్ సంధితో అది తిరిగి ఫ్రెంచివారికి దక్కింది. 1765లో దానిని స్వాధీనం చేసుకొని, మళ్ళీ నిలబెట్టే పనికి పూనుకొన్న గవర్నరు ఝాఁ లా ద లోరిస్తోఁ. ఆయన ఇంటిపేరైన ‘లా’ మీదుగానే లాస్‌పేట అయిందని చెబుతారు. ఫ్రాన్సు ఆర్థిక వ్యవస్థను 1720లో తలక్రిందులు చేసిన జాన్ లా అనే స్కాట్లండు దేశీయునికి ఈయన స్వయానా అన్నదమ్ముల బిడ్డ. పెదతండ్రి కూల్చిన పేరును కొడుకు వరసవాడు ఇక్కడ కొంత నిలబెట్టాడన్నమాట!

ఇక అసలు విషయం. మా అల్లుడు అక్కడ ఒక కళాశాలలో అధ్యాపకుడు. ఏడేళ్ళ మనవరాలికి పాలు పడవు. ‘పడవు’ అన్న మాటను మేము చాలాకాలం తేలికగా తీసుకొన్నాము. ఆవుపాలు పడకపోతే గేదెపాలు పట్టమన్నాము, మేకపాలు పట్టమన్నాము, చుక్క నేయి వేస్తే ఏమవుతుందన్నాము. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, పాలలోని మాంసకృత్తులను శరీరం శత్రువుగా భావించడం వేరు. మొదటిది కడుపునొప్పి. రెండవది ప్రాణం మీదికి వచ్చేది. గేదెపాలలోనూ, మేకపాలలోనూ ఉన్నవి దాదాపు అవే మాంసకృత్తులు.

ఇది మాకు పుస్తకాల వలన తెలియలేదు. రెండేళ్ళ క్రితం దసరాకు పిల్ల మా క్వార్టర్‌కు వచ్చినప్పుడు, డార్క్ చాక్లెట్ కదా, ఇందులో పాలుండవులే అని మేమే ఒక ముక్క చేతిలో పెట్టాము. పది నిమిషాలలో పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరిలో ఈల. ఆసుపత్రిలో సూది మందు పడిన తరువాత గానీ కుదుటపడలేదు. మరునాడు కాగితం తెరిచి చూస్తే, వెనుకవైపు చీమతల అక్షరాలలో పాల పదార్థాలు ఉండవచ్చునని వ్రాసే ఉన్నది. తప్పు తయారీదారుది కాదు, చదవని మాది. మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఆ తరువాత రెండేళ్ళు పిల్లను మా ఇంటికి పంపనూ లేదు.

డార్క్ అన్నంత మాత్రాన పాలు లేనట్లు కాదు. ఒకే యంత్రం మీద పాల చాక్లెట్టు, ఇదీ తయారవుతుంటాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2015లో వెల్లడించిన పరీక్షలలో, పాలు ఒక దినుసుగా పేర్కొనని 88 డార్క్ చాక్లెట్ బిళ్ళలలో 51 బిళ్ళలలో పాలు బయటపడ్డాయి. మన దేశంలో 2020 నాటి లేబులింగు నిబంధనలు పాలు వంటి దినుసులను విడిగా పేర్కొనాలని చెబుతున్నాయి. పేర్కొన్నదానిని చదవడం మన వంతు.

పిల్ల పుట్టినరోజు డిసెంబరు మొదటి తేదీ. 2024 నవంబరు 30న ఫెంజల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలోనే తీరం దాటింది. ఆ వానలో పుట్టినరోజు ఎవరికి గుర్తుంటుంది? సంక్రాంతికి చేద్దామని అమ్మాయి ఫోను చేసి, “నాన్నా, మీరూ అమ్మా రండి. తీపి మాత్రం ఏమీ తేకండి” అన్నది. ఆ మాట మమ్మల్ని దారి పొడవునా వెంటాడింది. ఉత్త చేతులతో వెళ్ళడం కాదు, అక్కడే, దాని కళ్ళ ఎదుటే, దానికి సరిపడే చాక్లెట్ ఉండలు చేసి పెట్టాలని నిశ్చయించుకొన్నాము.

ఆ ఇంట్లో పాలగిన్నె అన్నదే లేదు. కాఫీ కావాలంటే వీధి చివర దుకాణానికి వెళ్ళి త్రాగి, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కొని లోపలికి రావాలి. మొదటి రోజు ఇది కాస్త అతి అనిపించింది. పిల్ల పరుగెత్తుకొని వచ్చి, ఆగి, “తాతయ్యా, కాఫీ తాగావా? నోరు కడిగావా?” అని అడిగి, ఆ తరువాతే మెడ చుట్టూ చేతులు వేసింది. మరి మాట్లాడలేదు.

ట్రఫుల్ అన్నది ఫ్రెంచి వంటకం. భూమిలో పెరిగే ఒక పుట్టగొడుగు జాతి పేరది. కోకో పొడిలో దొర్లించిన ఉండ మట్టిలోంచి తవ్విన ఆ పుట్టగొడుగులా కనిపిస్తుందని ఆ పేరు వచ్చింది. అసలు పద్ధతిలో చాక్లెట్టును మీగడతో కలుపుతారు. మీగడకు బదులు మేము కొబ్బరిపాలు ఎంచుకొన్నాము. డబ్బా పొడి వద్దని అమ్మాయి ముందే హెచ్చరించింది. కొబ్బరిపాల పొడిలో కూడా పాల మాంసకృత్తియైన కేసీన్ కలపడం కద్దట! కాయ కొట్టి తీయడమే మేలని తేలింది. చాక్లెట్టు మాత్రం అమ్మాయి ఎప్పుడూ కొనేదే, కోకో, చక్కెర తప్ప మరేమీ లేనిది. పొరుగున ఉన్న ఆరోవిల్‌లో మేసన్ అండ్ కో అనే సంస్థ 2014 నుండి, దక్షిణాది కోకో గింజలతో పాలు లేని చాక్లెట్టు తయారీ చేపట్టిందని కూడా అక్కడే తెలిసింది.

మొదటి రోజు ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. మరుగుతున్న నీటి గిన్నెపై మరో గిన్నె పెట్టి చాక్లెట్టు కరిగిస్తుంటే, ఆవిరి నీరు నాలుగు చుక్కలు అందులో పడింది. క్షణంలో అంతా పిడచ కట్టుకుపోయింది. చక్కెర, కోకో రేణువులు కాస్త తడి తగలగానే ఒకదానినొకటి అంటుకుపోతాయి. అప్పుడు వేడి ద్రవం ఇంకా పోస్తే మళ్ళీ జారుగా అవుతుందట. అది తెలియక మేము మంట పెంచాము. పదహారు వందల డిగ్రీల ఉక్కు ద్రవం ప్రక్కన ఉద్యోగం చేసినవారికి ముప్ఫై నాలుగు డిగ్రీలకే కరిగే కోకో వెన్నతో వ్యవహరించడం రాలేదు. మన రోలింగ్ మిల్లులో కడ్డీలకు చేసే టెంపరింగు వంటి మాట చాక్లెట్టుకూ ఉన్నది. వేడిచేసి, చల్లార్చి, మెరుపునిచ్చే స్ఫటికాలను కుదర్చడమే అది. ట్రఫుల్ లోపలి ముద్దకు ఆ అవసరం లేదని తెలిసి ఊపిరి పీల్చుకొన్నాము.

రెండవ రోజు పిడచ కట్టలేదు గానీ గట్టిపడనూ లేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా పాయసంలా మిగిలింది. క్రింది వాటాలో ఉన్న ఇల్లాలు యానాం నుండి ఉద్యోగరీత్యా వచ్చినవారు. గిన్నె చూసి నవ్వి, “బాబాయిగారూ, నీళ్ళు పోసి పిండారు కదూ? అదెలా బిగుస్తుంది?” అన్నారు. కొబ్బరి కోరి, నీరు చేర్చకుండా పలచని గుడ్డలో పిండి, ఆ పాలను ఫ్రిజ్‌లో ఉంచి, పైన తేలిన చిక్కదనం మాత్రమే తీసుకోమన్నారు. కొబ్బరి కొవ్వు ఇరవై నాలుగు డిగ్రీలకే కరుగుతుంది కనుక ఎండాకాలంలో ఈ పని పెట్టుకోవద్దనీ చెప్పారు. కబుర్లలో అమలాపురం ప్రక్కన తమ పుట్టింటి కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేశారని అన్నారు. కోకో చెట్టుకు నీడ కావాలి, కొబ్బరి ఆ నీడ ఇస్తుంది. దేశంలో కోకో ఉత్పత్తిలో నేడు ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, అందులో అధికభాగం గోదావరి జిల్లాలదే. కాయ కోసి, గుజ్జుతో సహా గింజలను ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెడితేనే చాక్లెట్టు వాసన పుడుతుంది. మేము ఫ్రెంచి వంటకం అనుకొన్నదానికి కావలసిన కోకో, కొబ్బరి రెండూ మన గోదావరి ఒడ్డున ఒకే తోటలో పెరుగుతున్నాయి!

మూడవ రోజు భోగి. రెండు వందల గ్రాముల చాక్లెట్టును కత్తితో సన్నగా తరిగాము. నూరు మిల్లీలీటర్ల కొబ్బరి మీగడను పొంగు రాబోయేవరకు కాచి, చిటికెడు ఉప్పు వేసి, తరుగుపై పోసి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, నడుమ నుండి మెల్లగా కలిపాము. అద్దంలా మెరిసింది. మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాక, మంచునీటిలో ముంచి తుడుచుకొన్న చేతులతో మా శ్రీమతి సున్నుండలు చుట్టినట్లు చుట్టింది. కోకో పొడిలో దొర్లించడం మనవరాలి వంతు. నిన్నటి పాయసంలో కూడా మరికొంత తరుగు కలిపి వేడిచేస్తే, అదీ బిగిసింది. మొత్తం యాభై ఉండలు.

మరునాడు పొంగల్. వీధి వీధంతా చెరకు గడలు, పసుపు కొమ్ములు, ప్రతి గుమ్మం ముందూ పాలు పొంగే కుండలు. పిల్ల ఏటా ఆ ఉదయం కిటికీ దగ్గరే ఉండిపోయేదట, ఎవరు ఏమి పెట్టినా చేయి వెనక్కి తీసుకోవలసి వస్తుందని. ఈసారి పళ్ళెం పట్టుకొని క్రిందికి దిగింది. ఇంటింటికీ వెళ్ళి, తమిళంలో, “పాల్ ఇల్లై, తేంగాయ్ ఇరుక్కు” అని చెబుతూ పంచింది. పాలు లేవు, కొబ్బరి ఉంది అని. ఎవరికి కొబ్బరి పడదో అని ముందుగా అడగడం కూడా అమ్మ నేర్పినదే. మా అమ్మాయి మేడ మీద నిలబడి చూస్తూ, “నాన్నా, వేసవి సెలవులకు దీన్ని మీ దగ్గరకు పంపనా?” అన్నది. మా శ్రీమతి లోపలికి వెళ్ళిపోయింది. మేము తల ఊపాము.

తిరుగు ప్రయాణంలో పిల్ల ఒక స్టీలు డబ్బాలో పది ఉండలు పెట్టి, దినుసులన్నీ వ్రాసిన చీటీ అంటించి, ఆఫీసులో అందరికీ పెట్టమని ఇచ్చింది. చెన్నైలో రైలెక్కి గూడూరు దాటేసరికే పదీ కరిగి ఒకే ముద్దయ్యాయి. సహోద్యోగ మిత్రులు మన్నించాలి. మేమిద్దరమూ చెంచాలతో తినేశాము. చీటీ మాత్రం భద్రంగా తెచ్చాము, మా వంటింటి అలమార తలుపుకు అంటించి ఉన్నది.