పదకొండు మెట్ల కింద అమ్మీ

మా గగన్‌పహాడ్ పేరులో సగం సంస్కృతం, సగం ఉర్దూ. నా తాలీమ్ కూడా అంతే. పదో జమాత్ దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. ఉర్దూలో కలలు కంటూ తెలుగులో వార్తలు రాసి బతుకుతున్నాను.

ఎయిర్‌పోర్ట్ మాకు పొరుగే. 2008లో అది మొదలైనప్పటి నుంచి విమానాల చప్పుడు మా ఇంటి గడియారం. రెండేళ్ల కింద అమ్మీని అక్కడి నుంచే ఉమ్రాకు తీసుకెళ్లాను. ఆమె మోకాళ్లు ఎప్పుడో జవాబిచ్చేశాయి. కారు దిగగానే వీల్‌చైర్ వచ్చింది. అక్కడి నుంచి విమానం తలుపు దాకా అందులోనే. మక్కాలో సఫా మర్వాల నడుమ వీల్‌చైర్లకు విడిగా దారి ఉంది, సయీ కూడా అందులోనే పూర్తయింది. ఎక్కడా ఎవరినీ మిన్నత్ చేయాల్సిన అవసరం రాలేదు.

సాత్ సముందర్ అవతలికి వెళ్లొచ్చిన ఆ మనిషి, పోయిన చలికాలం మన షహర్‌లోనే ఒక మ్యూజియం ముందు ఆగిపోయింది. పేరెందుకు లెండి. పాత ఇమారత్, పాత కాలం సామాను. "నా చిన్నప్పటి చీజులన్నీ ఉన్నాయంట కదా, చూద్దాం పద బేటా" అని అమ్మీయే బయల్దేరదీసింది. మడత వీల్‌చైర్ డిక్కీలో వేసుకున్నాం. టికెట్లు తీసుకున్నాం. తలెత్తి చూస్తే ఎదురుగా మెట్లు. పదకొండు. పక్కన ర్యాంపు లేదు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

వాచ్‌మన్ దిల్ ఉన్నవాడు. "ఫికర్ చేయకు అమ్మా, నలుగురం పట్టి కుర్చీతో సహా పైకి ఎత్తుకపోతాం" అన్నాడు. నేను సరేనన్నాను. అమ్మీ బురఖా అంచు సర్దుకొని తల అడ్డంగా ఊపింది.

"నక్కో బేటా. మై గఠ్డీ హూఁ క్యా?"

వద్దు బిడ్డా, నేనేమన్నా మూటనా అని.

నాకు కోపం వచ్చింది. రెండు నిమిషాల పనికి ఇంత జిద్ ఎందుకు అమ్మీ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వేపచెట్టు నీడకు కుర్చీ తోయించుకొని, "పిల్లలకు చూపించుకొని రాపో" అంది. వెళ్లాను. అది చెప్పుకోవడానికి ఇప్పుడు షరమ్‌గా ఉంది, కానీ వెళ్లాను.

లోపల ఒక అద్దాల పెట్టెలో గుమ్మటం లాంటి మూత ఉన్న నల్లటి పాత్ర ఉంది. కింద ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో 'లోహపు డబ్బా' అని రాశారు. అంతే. పిల్లలు ఇదేంటి పప్పా అంటే నా దగ్గరా జవాబు లేదు. ఫోటో తీసుకొని కిందికొచ్చి అమ్మీకి చూపించాను.

"అరే, ఇది ఖాస్‌దాన్! చుట్టిన పాన్ బీడాలు ఇందులో పెట్టి మెహమాన్లకు ఇచ్చేవాళ్లు. పాన్‌దాన్ వేరు, అందులో సున్నం, కాచు, వక్క అన్నిటికీ విడివిడి గిన్నెలుంటాయి. ఇది బీదరీ పని. మా అమ్మ జహేజ్‌లో వచ్చిందొకటి ఉండేది."

అక్కడి నుంచి ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. బీదరు కోట మట్టి పూస్తేనే ఆ లోహానికి అంత నలుపు వస్తుందనీ, వెండి పువ్వులు మాత్రం తెల్లగానే మిగులుతాయనీ మనవళ్లకు చెప్పింది. ఇంకో ఫోటోలో పాత ఉర్దూ ఇష్తహార్ ఉంటే, ఫోన్ మీద వేళ్లతో పెద్దది చేసుకొని కూడబలుక్కుంటూ చదివింది. నల్లా నీళ్ల గురించిన సర్కారీ నోటీసు అది. దాని కిందా ఇంగ్లిషే. ఐదో జమాత్ దాకానే చదివిన మనిషి, పైన గోడ మీద ఉన్నవాళ్లెవరూ చెప్పని తారీఖ్ చెట్టు కింద కూర్చొని చెబుతోంది. ఆ రోజు నష్టపోయింది అమ్మీ ఒక్కతే కాదని నాకప్పుడు సమఝ్ అయింది. మ్యూజియం కూడా నష్టపోయింది.

ఇరవై ఏళ్లుగా వారసత్వ కట్టడాల మీద వార్తలు రాస్తున్నాను. ఎవరు కట్టించారు, ఏ సన్‌లో కట్టించారు, ఎంత ఖర్చయింది, అన్నీ రాశాను. మెట్లు ఎన్ని అని ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఇంటికొచ్చి కానూన్ తీసి చదివాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 జూన్‌లో దాని నియమాలు వచ్చాయి. జనం వాడే పాత భవనాలను అందరూ రాగలిగేలా మార్చడానికి అప్పటి నుంచి ఐదేళ్ల గడువు. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో తీర్పు చెప్పింది. ఈ ప్రమాణాలు సలహాల్లా మిగిలితే చెల్లదు, తప్పనిసరి చేయాలి అంది. ఆ కేసులో దేశమంతటి హాల్ పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది ఎవరో కాదు, మన షామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లే. అంటే అమ్మీ అడిగింది ఎవరి మెహర్బానీ కాదు, ఆమె హక్.

పాత ఇమారత్‌ను ముట్టుకోకూడదు కదా అంటారు. ఆ మాటలోనూ సచ్చాయి ఉంది. ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. పదకొండు మెట్లు, మెట్టుకు ఆరంగుళాలు వేసుకుంటే ఐదున్నర అడుగుల ఎత్తు. అంటే అరవై ఆరు అడుగుల ర్యాంపు, నడుమ ఆగడానికి చదును జాగా వేరే. ప్రతి చోటా అంత జాగా దొరకదు. కానీ గోడ ముట్టుకోకుండా పెట్టే చిన్న లిఫ్టులున్నాయి. చాలాచోట్ల నేలకు సమంగా ఉండే వెనక దర్వాజా ఉంటుంది, దానికి తాళం తీస్తే చాలు. అదీ కాకపోతే ముఖ్యమైన చీజులు కొన్ని కింది గదిలోకి తేవచ్చు.

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు చూశారా? రెండంతస్తులుగా, పొడుగునా ఒక హాలంతా ఉంటాయి. పై అంతస్తు చేరడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు కూడా అక్కడే ఉంది. ఆయన 1911లో చనిపోయారు. అంటే మన షహర్‌కు లిఫ్టు కొత్త కాదు. బట్టలు అందుకోవడానికి అప్పుడే పెట్టుకున్నాం. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ కోసం ఎప్పుడు పెడతాం అన్నదే సవాల్.

మోకాళ్లతోనే అయిపోదు. చూపు లేనివాళ్లకు అద్దాల పెట్టె గోడతో సమానం. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో నకళ్లను చేత్తో తడిమి చూసే గ్యాలరీ పెట్టారు. ఇంగ్లిష్ రానివాళ్లకు ఇంగ్లిష్ చీటీ ఇంకో మెట్టు, పన్నెండో మెట్టు. అది తీసేయడానికి సిమెంటు కూడా అక్కర్లేదు. తెలుగులో రెండు వాక్యాలు, ఉర్దూలో రెండు వాక్యాలు చాలు.

ఆ మ్యూజియం దఫ్తర్‌కు ఉత్తరం రాశాను. ముందు అమ్మీకి చదివి వినిపించాను. ర్యాంపు గానీ లిఫ్టు గానీ పెట్టండి, చీటీలు మూడు భాషల్లో రాయండి, లోపల కూర్చోవడానికి బెంచీలు వేయండి. అమ్మీ అంతా విని, "ఖాస్‌దాన్ పేరు సరిగ్గా రాయమని కూడా రాయి" అంది. అది నాలుగోదిగా చేర్చాను.

జిద్ అన్నందుకు మాఫీ అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది. కానీ విమానం చప్పుడు వినిపించినప్పుడల్లా కిటికీ వైపు చూస్తూ అడుగుతూనే ఉంది.

"జవాబ్ ఆయా క్యా బేటా?"

ఇంకా రాలేదు అమ్మీ. మళ్లీ రాస్తాను.