నాసిక్‌లో బఠాణీ తీగ

త్ర్యంబకంలో బ్రహ్మగిరి కొండపై పుట్టిన గోదావరి సుమారు 30 కిలోమీటర్లు సాగి నాసిక్ చేరేసరికి ఇంకా చిన్న ఏరే. రాజమహేంద్రవరం వద్ద అఖండ గోదావరిని చూచిన కన్నులకు పంచవటి దగ్గరి సన్నని ప్రవాహం ఒక పెద్దమనిషి చిన్ననాటి ఛాయాచిత్రంవలె తోస్తుంది. ఆ త్ర్యంబకంలోనే 1870లో ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే జన్మించారు. భారతీయ చలనచిత్రానికి పితామహుడనిపించుకొన్న ఆయన 1944లో కన్నుమూసినది నాసిక్‌లో. పాండవలేణి గుహలున్న కొండ దిగువన ఆయన పేరిట స్మారక ఉద్యానం ఉన్నది. యాత్రికులలో చాలామంది రామకుండంలో స్నానం చేసి, కాలారామ మందిరం దర్శించి, అటుగా పోకుండానే తిరుగుముఖం పడతారు.

ఫాల్కే తొలి ప్రయత్నానికి కథానాయకుడు దేవుడూ కాదు, రాజూ కాదు, బఠాణీ గింజ. జీవిత బీమా పత్రాలు తాకట్టు పెట్టి, 1912లో లండన్ వెళ్ళి పని నేర్చుకొని, కెమేరా కొని తెచ్చుకొన్న ఆయనకు పెట్టుబడి పెట్టేవారు కావలసివచ్చారు. బొంబాయి దాదర్‌లోని ఇంట కుండీలో బఠాణీలు నాటి, ఎదుట కెమేరా నిలిపి, అవి మొలకెత్తి తీగ సాగడాన్ని నెలకు పైగా కొద్దికొద్దిగా చిత్రించారు. తెరపై అది ఒక నిమిషం పైచిలుకు మాత్రమే. ఆ నిమిషమే అప్పిచ్చేవారిని ఒప్పించింది; మరుసటి ఏడు ‘రాజా హరిశ్చంద్ర’ వెలువడింది. 1915లో ఆయన అగ్గిపుల్లలను సైతం కదిలించి ఒక చిన్న చిత్రం తీశారు.

నాసిక్ పాతపేటలో నడుమ ముంగిలి, చుట్టూ చెక్క స్తంభాలు గల ఒక వాడాలో, ఒక దీపావళి సెలవులలో, నలుగురు పిల్లలు ఈ బఠాణీ ముచ్చటను తిరిగి ఆరంభించారు. కెమేరా తండ్రిగారి పాత సెల్‌ఫోను. అది కదలకుండా రెండు ఇటుకల మధ్య బిగించారు. ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 5 వరకు గంటకొకటి చొప్పున రోజుకు 12 చిత్రాలు. సెకనుకు 12 చిత్రాల వంతున చూపితే ఒక రోజు ఒక సెకను అవుతుంది. 20 రోజులకు 20 సెకన్లు. ఈ లెక్క విన్న ఆజీ, అంటే నాయనమ్మ, ఇంత పనికి ఇంతేనా అని నవ్వింది.

చిక్కులు వెంటనే మొదలైనాయి. కిటికీ ఎండ గంటగంటకు మారడంతో చిత్రాలు వరుసగా చూస్తే వెలుగు మిణుకుమిణుకుమన్నది. తలుపు మూసివేద్దామంటే మొక్కకు వెలుతురు కావాలి. చివరకు చిత్రం తీసే క్షణాన మాత్రం కిటికీ మూసి, ట్యూబులైటు వేసి, మళ్ళీ తెరవడం అలవాటు చేసుకొన్నారు. మొదటి ఆరు రోజులూ కుండీలో మట్టి తప్ప మరేమీ లేదు. ఇద్దరికి విసుగు పుట్టింది. వారిని నిలిపినవి అగ్గిపుల్లలే. నేలమీద పరచి, పుల్లను గోరంత జరపడం, చేయి తీయడం, చిత్రం తీయడం. ఒక మధ్యాహ్నమంతా శ్రమిస్తే పుల్లలు పెట్టెలోనుండి బయటకు వచ్చి వరుసగా నిలిచాయి. అయిదు సెకన్లు! చేయి పడిన చిత్రాలను ఏరివేయడానికే మరో గంట పట్టింది.

ఏడవ రోజున మొలక తల ఎత్తింది. 14వ రోజున ఉపద్రవం వచ్చిపడింది. అయిదేళ్ళ చిన్నది, కిటికీవైపు వంగిపోయిన తీగను చూచి జాలిపడి, రెండవ వైపుకు కూడా ఎండ తగలాలని కుండీని వెనుకకు త్రిప్పివేసింది. పెద్దవాడు మండిపడ్డాడు. త్రిప్పి యథాస్థానంలో ఉంచినా ఆకుల తీరు సరిగా కలవలేదు. మళ్ళీ విత్తుదామంటే సెలవులు చాలవు. పోట్లాట ముగిసేసరికి రెండు గంటల చిత్రాలు తప్పిపోయాయి. ఆజీ కలుగజేసుకొని, చిన్నది ఉంచినట్లే కుండీని ఉంచమన్నది.

20వ రోజు రాత్రి అందరూ ఫోను చుట్టూ మూగారు. ఆరు సెకన్ల మట్టి. తరువాత పచ్చని కొన, ఆకులు, పుల్లకోసం గాలిలో వెతికే నులితీగలు. పదునాలుగవ సెకనులో తీగ హఠాత్తుగా గదివైపు తిరిగింది. ఆ వెంటనే, ఎవరో పిలిచినట్లు, మెల్లగా మెడ త్రిప్పి మళ్ళీ కిటికీవైపు వంగింది. పెద్దవాడు మాట్లాడలేదు. ఆ ముక్కనే మరల వేయమని ఆజీ అడిగింది. వేసిన ప్రతిసారీ చిన్నది తెరమీద వేలుపెట్టి, “ఇదిగో, ఇక్కడ నేనున్నాను!” అన్నది.