ఉరిసే పడవ

పడవలోకి నీళ్లు ఎటునుంచి వస్తాయని అడిగితే ఎవరైనా కిందినుంచి అనే చెప్తారు. పాత పడవ ఒకటి చేతికొస్తేగానీ తెలియదు, వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం పైనుంచే వస్తాయని. మా వరంగల్ దిక్కు వానకు ఇంటి కప్పు కారితే "ఇల్లు ఉరుస్తోంది" అంటారు. మా పడవ కూడా అచ్చంగా అలాగే ఉరిసేది.

సియాటిల్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, 2018 చివర, నాతో పనిచేసే నెల్లూరు మిత్రుడూ నేనూ కలిసి కొన్న పడవ అది. 1987లో తయారైన 24 అడుగుల కేబిన్ క్రూజర్. ముక్కు వైపు ఇద్దరు పడుకునే మంచం, ఒక చిన్న స్టవ్వు, బీరువా అంత టాయిలెట్, వెనక ఇంజను. ఆరున్నర వేల డాలర్లు. తయారుచేసిన కంపెనీ పేరెందుకులెండి, ముప్పై ఏళ్లు దాటాక ఏ కంపెనీదైనా ఉరుస్తుంది. వాషింగ్టన్ సరస్సు ఉత్తరపు కొసన కెన్‌మోర్‌లో కట్టేసి ఉంచేవాళ్లం. నెల్లూరు మిత్రుడికి ఈత రాదు. దాని గురించి ఇంతకంటే రాయొద్దని మాట తీసుకున్నాడు.

మన సాహిత్యంలో పడవ అంటే ప్రయాణమే. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం'లో రంగీ పద్దాలూ ఎక్కిన పడవ నాకు చాలా ఇష్టం. కానీ ఆ పడవ అడుగున చేరే నీళ్లు ఎవరు తోడేవాళ్లో ఇప్పటికీ నాకు కుతూహలమే. పాత పడవ ఉన్నవాడు ప్రయాణం చేసే రోజులు ఏడాదికి ఇరవై. మిగిలిన శని, ఆదివారాలన్నీ మోకాళ్ల మీదే.

2019 ఏప్రిల్‌లో బాపు వచ్చాడు. అమ్మ పోయి అప్పటికి ఐదు నెలలు. ఆరు నెలలు ఉండేలా టికెట్ తీసుకున్నాం. తిన్నావా అంటే తిన్న. బయటికి పోదామా అంటే పోదాం. అంతే. తనంతట తాను ఒక్క మాట ఎత్తేవాడు కాదు, పొద్దంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. బస్సులు రిపేరు చేసే షెడ్డులో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చూడటం కష్టం. మొదటిసారి పడవలోకి తీసుకెళ్లినప్పుడు ముక్కు గదిలో దిండు తీసి వాసన చూశాడు. "ఇది ఎన్నొద్దుల సంది తడుస్తుంది?" అన్నాడు. వచ్చిన రెండు వారాల్లో ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

దిండు తడిసేది కిటికీ కింద. కాబట్టి కిటికీయే కారుతోందని పాత యజమాని నిర్ధారించుకున్నట్టున్నాడు. చుట్టూ సిలికాన్ పూశాడు, దాని మీద ఇంకో పూత, దాని మీద ఇంకోటి. సిలికాన్ లక్షణం ఏంటంటే, ఒకసారి అది పట్టిన చోట తర్వాత ఇంకేదీ సరిగా పట్టదు, మళ్లీ సిలికాన్ కూడా పట్టదు. బ్లేడుతో గీకి, తుడిచి, మళ్లీ గీకి, ఒక్క కిటికీకి రెండు ఆదివారాలు పట్టింది. గీకిన సిలికాన్‌ని బాపు చిన్న ముద్దలుగా చేసి డెక్ మీద వరసగా పెట్టేవాడు, ఎందుకో నేనడగలేదు.

కంప్యూటర్ ప్రోగ్రాములో తప్పు వెతకడానికి మాకొక అలవాటుంది. అనుమానం ఉన్న భాగాన్ని సగానికి కోసి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగానికి కోస్తాం. నీళ్ల దగ్గర ఇది కుదరదు. ప్రోగ్రాముకి గత పరీక్ష గుర్తుండదు, చెక్కకి ఉంటుంది. ఒకసారి తడిస్తే రెండు రోజులు తడిగానే ఉంటుంది. బాపు పద్ధతి వేరు. ముందు లోపలంతా పొడిగా తుడిచి, అనుమానం ఉన్న ప్రతి మూలా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాడు. నీటి బొట్టు పడితే పౌడర్ మీద గీత పడుతుంది. నన్ను పైపుతో బయట నిలబెట్టాడు. అన్నిటికంటే కిందున్న చోట మొదలుపెట్టి, ఒక్కోచోట పది నిమిషాలు నీళ్లు పెట్టాక పైకి జరపాలి. నీళ్లు కిందికి పారతాయి కాబట్టి పైన మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏమీ తెలియదు. కిటికీ కింద అంచు, కిటికీ పక్కలు, కిటికీ పై అంచు: లోపల పౌడర్ చెక్కుచెదరలేదు. దానికి ఐదడుగుల ముందు, డెక్ మీద, రెయిలింగ్ కాలు దగ్గర పైపు పెట్టిన నాలుగో నిమిషానికి లోపల్నుంచి కేక. "దొరికింది! గా కాలే!"

బాపుకి ముందే అనుమానం ఉందట. పాత బస్సులకు టాప్ మీద సామాన్ల క్యారియర్ ఉండేది, గుర్తుందా. సీటు మీద నీళ్లు పడుతున్నాయని ఎవరైనా చెప్తే అందరూ కిటికీ రబ్బరు మారుస్తారు. కారేది మాత్రం క్యారియర్ బోల్టు దగ్గర. నీళ్లు రేకుకీ లోపలి అట్టకీ మధ్య నడిచి, ఎక్కడో దూరాన వచ్చి పడతాయి. "నీళ్లు సొచ్చిన కాడ కారయి బిడ్డా. తొవ్వ దొరికిన కాడ కారుతయి."

రెయిలింగ్ కాలు విప్పి చూస్తే స్క్రూ వెంట నల్లటి ముద్ద వచ్చింది. ఈ రకం పడవల డెక్ గట్టి ఫైబర్ పలక కాదు, పైనొక పొర, కిందొక పొర, మధ్యలో బాల్సా చెక్క. బాల్సా బరువు దాదాపు నీళ్లలో ఆరో వంతు. పైభాగం ఎంత తేలికగా ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుందని ఈ ఏర్పాటు. ఇది చెప్తుంటే బాపు "రామప్ప గుడి లెక్క" అన్నాడు. నిజమే. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి. పైన బరువు తగ్గించాలన్న ఆలోచన ఒకటే. తేడా ఏంటంటే ఆ ఇటుక కాల్చిన మట్టి, ఇది చెక్క. ఒక్క స్క్రూ రంధ్రంలోంచి నీళ్లు చేరితే చాలు, పైకి మెరుస్తూనే లోపల కుళ్లిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ తడుతూ పోతే మంచి చోట టంగుమంటుంది, కుళ్లిన చోట దబ్బుమంటుంది.

కుళ్లినదంతా వంచిన మేకుతో తోడేసి, ఆరబెట్టి, రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కటి ఎపాక్సీతో నింపాం. అది గట్టిపడ్డాక దాని నడుమ కొత్తగా రంధ్రం వేశాం. ఇప్పుడు స్క్రూ చుట్టూ ఉన్నది ప్లాస్టిక్కే, నీళ్లొచ్చినా చెక్కకు తగలవు. రంధ్రం అంచు కొద్దిగా గిన్నెలా చెక్కి, కాలు కింద బ్యూటైల్ టేపు పెట్టాం. ఇది చూయింగ్‌గమ్ లాంటిది, ఎప్పటికీ గట్టిపడదు, డెక్ కదిలితే తనూ సాగుతుంది. ఒకేసారి బిగించకూడదు. ఇవాళ కొంత, రేపు కొంత, ఎల్లుండి కొంత. ప్రతిసారీ అంచునుంచి కొంచెం టేపు బయటికి పిండుకొస్తుంది, దాన్ని కోసెయ్యాలి. ఇలాంటి కాళ్లు పద్నాలుగు. జూన్ అంతా వాటికే పోయింది. మాటలు కూడా ఆ పద్నాలుగు కాళ్ల దగ్గరే నడిచాయి, ఎక్కువగా బస్సుల గురించి, అప్పుడప్పుడు అమ్మ గురించి.

పడవ పొట్ట అడుగున నీళ్లు చేరే గుంటని బిల్జ్ అంటారు. అందులోనూ నీళ్లుండేవి, ఇది వేరే కథ. బాపు పుట్టింది నర్సంపేట దిక్కు, పాకాల చెరువు కింది ఊళ్లో. గణపతిదేవుని కాలం నాటి చెరువు. కట్ట మీద తిరిగే నీరటి మనుషులు ఊట కనిపిస్తే ముందు దోసిట్లో పట్టి చూసేవాళ్లట. తేటగా ఉంటే ఫర్వాలేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. బురదగా వస్తే కట్టని లోపల్నుంచి తింటున్నట్టు, ఆ రాత్రి ఎవరూ పడుకోరు. బాపు బిల్జ్ నీళ్లు స్టీలు గ్లాసులో పట్టి వెలుతురులో చూశాడు. నూనె లేదు, తుప్పు లేదు. తేట ఊటే. ఉప్పు సముద్రంలో అయితే నాలుకకి తగిలించి చూస్తే సముద్రమో వానో తెలిసిపోతుంది. మాది మంచినీళ్ల సరస్సు, ఆ వీలు లేదు.

ఇక్కడ మాత్రం నా చదువు పనికొచ్చింది. బిల్జ్ పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే చిన్న మీటరు బిగించి, రోజూ అంకె రాసుకున్నాం. వాన రోజుల్లోనే పెరిగితే పైనుంచి. ఎండ రోజుల్లో కూడా అంతే ఉంటే సరస్సునుంచో, మన ట్యాంకునుంచో. మాకు ఎండలోనూ రోజుకి నాలుగు. మంచినీళ్ల ట్యాంకులో కేకుల్లో వేసే ఎర్ర రంగు కలిపాం. మర్నాటికి బిల్జ్ గులాబీ రంగు. సింకు కింద గొట్టానికి క్లాంపు వదులు, రెండు డాలర్ల పని. నాలుగు కాస్తా ఒకటైంది. ఆ మిగిలిన ఒకటే భయపెట్టింది. ఇంజన్నీ బయటి ప్రొపెల్లర్ భాగాన్నీ కలిపేచోట, నీటిమట్టానికి కింద, ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే చర్చలుండవు. రెండడుగుల లోతున అంగుళం రంధ్రం పడితే నిమిషానికి వంద లీటర్ల దాకా లోపలికి రావచ్చు. మా పంపు కాగితం మీద డెబ్బై తోడుతుంది. పడవని బయటికి తీయించి తొడుగు మార్పించాం. ఆ నెల ఖర్చు గురించి నెల్లూరు మిత్రుడు ఇప్పటికీ మెసేజీలు పెడతాడు.

ఇక కొత్త హంగులు. పాత బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టడానికి బాపు ఒప్పుకున్నాడు, కొత్త రంధ్రం అక్కర్లేదు కాబట్టి. ఫోను చార్జింగుకి సాకెట్టు పాత సిగరెట్ లైటర్ స్థానంలో పెట్టాం. గొడవొచ్చింది గాలి ఫ్యాను దగ్గర. లోపల ముగ్గురం పడుకుంటే తెల్లారేసరికి గోడలు చెమర్చేవి. అది లీకా, మన ఊపిరా అని తేల్చడానికి గోడకి ప్లాస్టిక్ కాగితం అంటించి చూశాం. తడి కాగితం వెనక చేరితే లీకు, మన వైపు చేరితే ఊపిరి. ఊపిరే. సౌరశక్తితో తిరిగే ఫ్యాను పెట్టాలంటే డెక్‌లో నాలుగంగుళాల రంధ్రం కొయ్యాలి. "పద్నాలుగు తొర్రలు పూడిస్తిమి, పదిహేనోది నువ్వే పెడ్తవా?" రెండు రోజులు వాదించుకున్నాం, హాయిగా. చివరికి డెక్ జోలికి పోకుండా, పైకి తెరుచుకునే ప్లాస్టిక్ మూతకి రంధ్రం కోశాం. చెడితే మూత మార్చుకోవచ్చు.

సెప్టెంబరులో బాపు వెళ్లిపోయాడు. 2021లో నేనూ హన్మకొండ వచ్చేశాను, నా వాటా నెల్లూరు మిత్రుడికే అమ్మేసి.

2023 జులై చివరి వానలు ఇక్కడ ఎవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. మాది మునిగే కాలనీ కాదు, కానీ వంటింట్లో లైటు పాయింటునుంచి నీళ్లు ధారగా కారాయి. బంధువులంతా ఒకటే మాట: ఇల్లు పాతబడింది, బిల్డర్‌కి ఇచ్చెయ్యండి, మూడు ఫ్లాట్లొస్తాయి. బిల్డర్ ఒకాయన కాగితాలతో రెండుసార్లు వచ్చి వెళ్లాడు. వంటింటి మీద స్లాబుకి వాటర్‌ప్రూఫ్ పూత వేయించమని మేస్త్రీ సలహా. బాపు నావైపు చూశాడు.

ఎండాకాలం దాకా ఆగి, కింద పౌడర్ చల్లి, పైపు పట్టుకుని స్లాబెక్కాం. వంటింటి మీద గంట సేపు నీళ్లు నిలబెట్టినా చుక్క దిగలేదు. పన్నెండడుగుల అవతల, మెట్ల మూలన, టీవీ డిష్ కాళ్ల దగ్గర పెట్టగానే దిగింది. బోల్టు పక్క పగులులోంచి స్లాబులోని కరెంటు పైపులోకి, అందులోంచి నడుచుకుంటూ వంటింటి లైటుకి. ఆ డిష్ అమ్మ సీరియళ్ల కోసం పెట్టించుకున్నది. అమ్మ పోయాక కనెక్షన్ కట్టలేదు.

"తీసేసి పూడ్చేద్దామా?" అన్నాను.

బాపు బోల్టులు విప్పాడు. రంధ్రాలు శుభ్రం చేసి నింపాడు. ఒక్కో కాలు కింద నీళ్లు నిలవకుండా సిమెంటుతో చిన్న గద్దె కట్టాడు. అమెరికానుంచి తెచ్చుకున్న టేపు చుట్ట లోపల్నుంచి తెమ్మన్నాడు. మూడు రోజులు కొంచెం కొంచెంగా బిగించి, డిష్‌ని మళ్లీ ఉన్నచోటే నిలబెట్టాడు. బిల్డర్ ఫోన్ చేస్తే "వానకాలం పోనీ, సూద్దాం" అన్నాడు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి వంటింట్లో పేపర్ పరిచి పడుకున్నాం. పొద్దున చూస్తే పొడిగా ఉంది. నడిమి గదిలో, ఫ్యాను కొక్కెం పక్కన, అరచెయ్యంత కొత్త మచ్చ. నేను చాయ్ పెట్టేలోగా బాపు నిచ్చెన తెచ్చాడు.