ఈ నెల వంతు ఎవరిది?

హైటెక్ సిటీ అనగానే మీకేం గుర్తొస్తుంది? అద్దాల మేడలూ, మెడలో ఐడీ కార్డులూ, ఎంతకీ కదలని ట్రాఫిక్కూ... అంతేగా! కొత్తలో నాకూ అలాగే ఉండేది. మావారి ఉద్యోగం ఇక్కడని సామాను సర్దుకుని కొండాపూర్ వచ్చేశాం. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ. తొమ్మిదో అంతస్తు బాల్కనీలో నిలబడి చూస్తే కింద బోలెడంతమంది జనం, పలకరించే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. కాపురం మారి కొత్త ఊరు వెళ్లినవాళ్లకి ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇవాళ అదే ఊరిని మీకు సినిమాల దారిలో తిప్పి చూపిస్తాను. రండి!

అమీర్‌పేటలో రైలెక్కండి

అమీర్‌పేటలో మెట్రో ఎక్కేముందు ఒక్క క్షణం ఆగండి. ఇక్కడే ఉంది సారథీ స్టూడియోస్. తెలుగు సినిమా అంటే మద్రాసే అనుకునే రోజుల్లో, పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది ఈ స్టూడియో నుంచే. ఆ తర్వాత 1974లో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ పుట్టింది. సారథీ స్టూడియోలోని చిన్న ప్రివ్యూ థియేటర్లో ఆ క్లబ్బు వాళ్లు మామూలు హాళ్లకి రాని దేశవిదేశాల సినిమాలు చూసేవారు.

అసలీ ఫిల్మ్ సొసైటీల గొడవ మన దేశంలో ఊపందుకున్నది కలకత్తాలో. 1947లో సత్యజిత్ రాయ్, ఆయన స్నేహితులు కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. అప్పటికాయన ఒక్క సినిమా కూడా తీయలేదు సుమా! స్నేహితులు కూడి సినిమా చూడటం, చూశాక మాట్లాడుకోవటం... అంతే. ‘పథేర్ పాంచాలి’ 1955లో వచ్చింది. కబుర్లు చెప్పుకోవటం పనికిమాలిన పని అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి!

బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన ‘లామకాన్’ కూడా ఈ బాపతుదే. ఓ పాత ఇల్లు, చెట్టు నీడ, టీ, సమోసా. నాటకాలు, పాటలు, సినిమాలు, వాటి మీద చర్చలు. మా బృందంలో ఒకావిడ కాలేజీ రోజుల్లో అక్కడికి వెళ్లేదట. మా కథకి విత్తనం వేసింది ఆవిడే.

సరే, రైలెక్కుదాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు దాటితే హైటెక్ సిటీ స్టేషను. ఈ దారిలో ఇక్కడిదాకా మెట్రో వచ్చింది 2019 మార్చిలో. ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన కట్టారు. సాయంత్రం దీపాలు పెట్టాక చూస్తే పిల్లలు కదలరు. అక్కడికి దగ్గర్లోనే గుండ్రటి సైబర్ టవర్స్. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన భవనం. మిగతా మేడలన్నీ దాని వెనకాల వచ్చినవే. ఆ చేత్తోనే శిల్పారామం కూడా చూసుకోండి. మట్టి కుండలు, నేత చీరలు చూస్తుంటే సమయం తెలీదు.

ఏడుగురం, ఏడు వంతులు

మా అపార్ట్‌మెంటులో ఏడుగురం కలిశాం. గుంటూరు పిల్ల ఒకతె, విశాఖ ఒదిన ఒకావిడ, కరీంనగర్ అక్క, మలయాళీ టీచరమ్మ, ఇక్కడే మాదాపూర్‌లో పుట్టి పెరిగినావిడ, నేనూ, మా కింది అంతస్తు పిన్నిగారూ. నెలకి ఒక సినిమా. చీటీలు వేసి వరస కట్టుకున్నాం. ఎవరి వంతు వస్తే సినిమా వాళ్లిష్టం. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలు, స్కూలు బస్సులొచ్చే నాలుగుంబావుకి సమాప్తం.

టీచరమ్మ వంతులో ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ పెట్టింది. 2021లో జియో బేబీ తీసిన మలయాళ సినిమా. కొత్త కోడలు, వంటిల్లు, తరగని అంట్లు, కారే సింకు గొట్టం. ప్లంబర్ని పిలవమని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా మొగుడు పట్టించుకోడు. సినిమా అయ్యాక ఎవరం మాట్లాడలేదు. ఆఖరికి విశాఖ ఒదిన అంది: “మా ఇంట్లో సింకు కారి మూడు వారాలైంది.” అందరం నవ్వాం. నవ్వాక మళ్లీ ఎవరికీ మాట రాలేదు. ఆ మర్నాడు ఒదిన తనే ప్లంబరుకి ఫోన్ చేసి, బిల్లు తెచ్చి వాళ్లాయన చేతిలో పెట్టిందట!

మాదాపూర్ ఆవిడ వంతులో ‘మా భూమి’ చూశాం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతగా తెలంగాణ రైతుల పోరాటం మీద 1979లో తీసిన సినిమా. అంతా అయ్యాక ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి, ఎదురుగా ఉన్న అద్దాల మేడని చూపించింది. “గాడ మా నాయిన జొన్నలేసెటోడు” అంది. ఆ కిటికీలోంచి నేను రోజూ చూస్తూనే ఉన్నాను, పొలం సంగతి నాకు తట్టనేలేదు. ఈ ఊరికీ ఒక పాత ఊరుందని ఆవిడ వంతులో తెలిసింది.

‘మీ ఇష్టం’ అనే మనిషి

ఇక మా పిన్నిగారి సంగతి. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవణ్ణి చూసుకోటానికి తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చారు. డెబ్భై దాటాయి. మొదటిసారి ఆవిడ వంతు వచ్చినప్పుడు “నాదేముందమ్మా, మీ ఇష్టం” అన్నారు. ఏడు నెలల తర్వాత రెండోసారి వచ్చింది. మళ్లీ “మీ ఇష్టం.” మేమూ పోనీలే అని ఏదో పెట్టేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ కూర చెయ్యమంటారు, ఏ చీర కొనమంటారు, ఎక్కడికి వెళదామంటారు... ఈ ప్రశ్నలకి నేను మాత్రం ‘మీ ఇష్టం’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్కేసుకుంటూ పడుకున్నాను. మీరూ ఒకసారి లెక్కేసుకోండి!

మూడోసారి మేం పట్టు విడవలేదు. “మీరు చెప్పేదాకా ఈ నెల సినిమా లేదు పిన్నిగారూ” అన్నాం. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు లిఫ్టు దగ్గర ఆపి మెల్లిగా అన్నారు: “మిస్సమ్మ పెడతారా?”

1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’ తెలియనిదెవరికి? టీవీలో లెక్కలేనన్నిసార్లు వచ్చింది. “ఎన్నిసార్లు చూసుంటారో కదా!” అన్నాన్నేను. “సగమే చూశానమ్మా” అన్నారావిడ. పెళ్లయిన కొత్తలో టూరింగ్ టాకీసులో చూస్తుంటే, మావగారికి భోజనం వేళైందని ఇంటర్వెల్లో లేచి వచ్చేశారట. తర్వాత టీవీలో వచ్చినప్పుడల్లా ఎవరికో కాఫీ, ఎవరికో చపాతీలు. పాటలన్నీ వంటింట్లోంచి విన్నవే. కథ వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలుసు గానీ, ఆఖరిదాకా కూర్చుని చూసింది లేదు.

ఆ రోజు ఆవిణ్ణి సోఫాలో మధ్యన కూర్చోబెట్టాం. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, ఉల్లిపాయ వేసిన అటుకుల పోపు. ఉద్యోగం కోసం మొగుడూపెళ్లాల్లా నటించే రామారావు, సావిత్రి. “ఇప్పుడు అద్దె ఇల్లు కావాలన్నా ఫ్యామిలీయేనా అనే అడుగుతున్నారు కదా” అని గుంటూరు పిల్ల అంటే పడీ పడీ నవ్వాం. కానీ చూశారూ, ‘మిస్సమ్మ’ మూడు గంటల సినిమా! ఆ పూట మేం మొదలెట్టిందే ఒకటిన్నరకి. నాలుగయ్యేసరికి పిన్నిగారు చెంగు సర్దుకుని లేచారు, “మనవడి బస్సొచ్చే వేళైంది.”

“కూర్చోండి పిన్నిగారూ, నేను తీసుకొస్తాను” అని నేను చెప్పులేసుకున్నాను. బస్సు ఆలస్యమైంది. పిల్లాడితో పైకి వచ్చేసరికి సినిమా అయిపోయింది. టీవీ ఆపేసి ఉంది. అందరూ పిన్నిగారి చుట్టూ కూర్చున్నారు. నన్ను చూసి ఆవిడ పక్కన చోటు చూపించి, “రా, ఆఖరున ఏమైందో నేను చెప్తాను” అన్నారు. మనవడు ఒళ్లో చేరాడు. ఇరవై నిమిషాలు చెప్పారు. రెండేళ్లలో ఆవిడ గొంతు అంతసేపు విన్నది అదే మొదటిసారి.

మీరూ మొదలెట్టండి

దీనికి హైటెక్ సిటీయే అక్కర్లేదు. నలుగురు స్నేహితురాళ్లు, ఒక టీవీ ఉంటే చాలు. మా పద్ధతులు ఇవీ: చీటీలు వేసి వరస కట్టుకోండి. ఎంచుకున్నవారి మాటకి ఎదురు చెప్పకండి, నచ్చకపోతే సినిమా అయ్యాక చెప్పండి. వంతున్నవారు ఆ రోజు పొయ్యి ముట్టుకోకూడదు, ఫలహారం మిగతావారిది. బాగుంది, బాలేదు అని ఊరుకోకుండా, మనసులో నిలిచిన దృశ్యం ఒక్కటైనా ప్రతివారూ చెప్పాలి. ముఖ్యంగా, ‘మీ ఇష్టం’ అన్న మాట చెల్లదు!

వచ్చే నెల వంతు నాది. వారం నుంచీ ఆలోచిస్తున్నాను, ఇంకా తేలలేదు. మీ వంతైతే మీరేం పెడతారు?